అలర్జీ మాత్ర ఏం చేస్తుంది? ఏం చేయలేదు?

"డాక్టరుగారూ, నిన్న పొద్దున ఒళ్ళంతా దద్దుర్లు లేచాయండి. ఇంట్లో ఉన్న అలర్జీ బిళ్ళ ఒకటి వేసుకున్నాను. గంటలో తగ్గిపోయాయి. ఈ రోజు మళ్ళీ లేచాయి. ఇంతకీ ఆ మందు పనిచేసినట్టా, చేయనట్టా?"

ఓ.పి.లో తరచు వినిపించే ప్రశ్న ఇది. మందు పనిచేసింది. కానీ అది చేసే పని మనం అనుకునే పని కాదు. అలర్జీ మాత్ర జబ్బును లోపలినుంచి తుడిచివేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకే ఒక రసాయనం చేసే అల్లరిని అది ఆపుతుంది. ఆ రసాయనం పేరు హిస్టమిన్. అందుకే ఈ మందులను యాంటీహిస్టమిన్‌లు అంటారు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, లోరటడిన్, క్లోర్‌ఫెనిరమిన్, అవిల్ అన్నీ ఈ కుటుంబంలోవే.

జలుబు చేసినా, దురద పుట్టినా, తేనెటీగ కుట్టినా మన ఇళ్ళలో ముందు చెయ్యి వెళ్ళేది ఈ మాత్ర మీదికే. కనుక అది లోపల ఏం చేస్తుందో, ఎక్కడ దాని చేతకాదో ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. ఈ తేడా తెలియక ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

దురద ఎక్కడినుంచి వస్తుంది?

మన చర్మం కింద, ముక్కులో, ఊపిరితిత్తుల గొట్టాల గోడల్లో, పేగుల్లో మాస్ట్ కణాలు అనే రక్షక కణాలు ఉంటాయి. బయటి ప్రపంచం మన శరీరాన్ని తాకే చోటల్లా ఇవి ఊరి పొలిమేరలో కాపలావాళ్ళలా కూర్చుని ఉంటాయి. వీటిని గుర్తించి పేరు పెట్టింది జర్మనీకి చెందిన పాల్ ఎర్లిక్, 1878లో. ఒక్కో మాస్ట్ కణం నిండా చిన్న చిన్న రేణువులు ఉంటాయి. ఆ రేణువుల్లోనే హిస్టమిన్ నిల్వ ఉంటుంది.

అలర్జీ ఉన్నవారిలో ఏం జరుగుతుందో చూద్దాం. ఒకరికి రొయ్యలు పడవు, ఇంకొకరికి ఇంట్లోని దుమ్ము పడదు, మరొకరికి ఫలానా ఇంజెక్షన్ పడదు. పడని వస్తువుకు విరుగుడుగా వారి శరీరం ఐజిఇ అనే ప్రతిరక్షకాన్ని ముందుగానే తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ ఐజిఇ వెళ్ళి మాస్ట్ కణాల ఒంటికి అతుక్కుని ఎదురుచూస్తూ ఉంటుంది. మరోసారి అదే వస్తువు ఒంట్లోకి రాగానే ఐజిఇకి తగులుకుంటుంది. వెంటనే మాస్ట్ కణం తన రేణువులను బయటికి కుమ్మరిస్తుంది. ఇదంతా కొద్ది నిమిషాల పని.

బయటపడ్డ హిస్టమిన్ సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అందుకే చర్మం ఎర్రబడి వేడెక్కుతుంది. ఆ నాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది. అందుకే దద్దురు ఉబ్బుతుంది. నరాల కొసలను రేపుతుంది కనుక దురద, తుమ్ములు వస్తాయి. ముక్కులో అయితే నీరు ధారకడుతుంది. ఎరుపు, వేడి, వాపు, బాధ అన్నీ కలిసిన ఈ స్థితినే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు.

తాళంలో ఇరికిన చెవి

హిస్టమిన్ దానంతట అది వాపు పుట్టించలేదు. కణాల మీద దానికోసమే ఉన్న గ్రాహకాలకు అతుక్కుంటేనే పని జరుగుతుంది. గ్రాహకాన్ని తాళం అనుకుంటే హిస్టమిన్ దాని చెవి. ఇలాంటి తాళాలు నాలుగు రకాలు ఉన్నాయి. దురద, తుమ్ములు, దద్దుర్లకు కారణమైనది మొదటి రకం, హెచ్-1. రెండో రకం హెచ్-2 కడుపులో ఆమ్లం ఊరేలా చేస్తుంది. కడుపు మంటకు ఇచ్చే ఫామోటిడిన్ దీన్నే ఆపుతుంది. హెచ్-3 ముఖ్యంగా మెదడులో ఉంటుంది. హెచ్-4 ఎక్కువగా రక్షక కణాల మీదే ఉంటుంది.

అలర్జీ మాత్ర హెచ్-1 తాళంలో దూరి కూర్చుంటుంది. తలుపు తియ్యదు, హిస్టమిన్‌ను దూరనివ్వదు. ఇంకో విశేషం ఉంది. హెచ్-1 గ్రాహకం హిస్టమిన్ లేకపోయినా కొంచెం కొంచెంగా పనిచేస్తూనే ఉంటుంది. అలర్జీ మాత్ర దాన్ని పూర్తిగా నిద్రపుచ్చి ఆ కాస్త పనినీ తగ్గిస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మాత్ర తాళాన్ని మూసింది గానీ మాస్ట్ కణాన్ని మూయలేదు. అది హిస్టమిన్‌ను కుమ్మరిస్తూనే ఉండవచ్చు. మాత్ర ప్రభావం తగ్గగానే మళ్ళీ దద్దుర్లు లేస్తాయి. మొదట చెప్పుకున్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ మందులు పుట్టింది పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో. డేనియల్ బోవె అనే శాస్త్రజ్ఞుడు తన సహచరి ఆన్-మరీ స్టౌబ్‌తో కలిసి 1937లో మొదటి యాంటీహిస్టమిన్‌ను చూపించాడు. అది మనుషులకు ఇవ్వడానికి పనికిరాలేదు గానీ దారి తెరిచింది. మనుషులకు ఇవ్వదగ్గ మందులు 1940లలో వచ్చాయి. బోవెకు 1957లో నోబెల్ బహుమతి లభించింది.

రక్షక కణాల మీద దీని ప్రభావం ఎంత?

హిస్టమిన్ దురద పుట్టించి ఊరుకోదు. మిగతా రక్షక కణాలను కూడా పిలుస్తుంది. రక్తనాళాల లోపలి గోడమీద ఒక జిగురు పదార్థం పైకి తేలేలా చేస్తుంది. వేగంగా పోతున్న తెల్ల కణాలు అక్కడ నెమ్మదించి, గోడకు అతుక్కుని, వాపు ఉన్న చోటికి దిగుతాయి. టి కణాలు అనే మరో రకం రక్షక కణాల మీద కూడా హిస్టమిన్ తాళాలు ఉన్నాయి. హెచ్-1 ద్వారా వెళ్ళిన కబురు కణం లోపల ఎన్.ఎఫ్. కప్పా బి అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. వాపు పెంచే రసాయనాలను తయారుచేయమని ఆజ్ఞ ఇచ్చేవాటిలో ఇది ముఖ్యమైనది.

కనుక హెచ్-1ను మూస్తే ఈ పిలుపులు కూడా కొంత తగ్గాలి. పరిశోధనల్లో అలాగే కనిపించింది. సెట్రిజిన్ వేసుకున్న అలర్జీ రోగుల చర్మంలోకి పడని వస్తువును ఎక్కించి చూసినప్పుడు, అక్కడికి చేరే ఇసినోఫిల్ కణాల సంఖ్య తగ్గింది. ముక్కు అలర్జీ ఉన్నవారిలో కణాలను అతుక్కునేలా చేసే పదార్థాలు తగ్గడం కనిపించింది. గాజు నాళికలో పరీక్షించినప్పుడు కొన్ని యాంటీహిస్టమిన్‌లు మాస్ట్ కణం రేణువులు కుమ్మరించకుండా కూడా ఆపాయి.

ఇది విని "అయితే ఇది వాపుకు కూడా మందే కదా" అనుకోకూడదు. గాజు నాళికలో వాడిన మందు మోతాదు చాలాసార్లు మనం ఒక మాత్ర మింగితే రక్తంలో చేరేదానికంటే ఎంతో ఎక్కువ. అదీగాక మాస్ట్ కణం వదిలేది హిస్టమిన్ ఒక్కటే కాదు. కొద్ది నిమిషాల్లోనే ల్యూకోట్రయిన్‌లు, ప్రోస్టాగ్లాండిన్‌లు తయారుచేసి వదులుతుంది. ఆ తర్వాత గంటల తరబడి సైటోకైన్‌లు అనే కబురు రసాయనాలను పంపుతుంది. వాటి పిలుపుకు ఇసినోఫిల్‌లు, టి కణాలు గుంపుగా చేరతాయి. పొద్దున దుమ్ములో పనిచేసినవారికి సాయంత్రం మళ్ళీ ముక్కు మూసుకుపోవడానికి, ఆయాసం రావడానికి కారణం ఈ రెండో దండే. దీని మీద అలర్జీ మాత్ర ప్రభావం స్వల్పం. ఈ దండును అణచేది స్టిరాయిడ్ మందులు. అందుకే ముక్కుకు స్ప్రే, ఉబ్బసానికి ఇన్‌హేలర్ రాస్తారు.

అలర్జీ మాత్ర బాగా పనిచేసే జబ్బులు

తుమ్ములు, ముక్కు కారడం, ముక్కులో కళ్ళలో దురద ఉన్న అలర్జీ జలుబు; చర్మం మీద లేచి కొన్ని గంటల్లో మాయమయ్యే దద్దుర్లు; పురుగు కుట్టిన చోట దురద. ఈ మూడింటికీ ఇది మంచి మందు.

దద్దుర్లు ఆరు వారాలు దాటినా లేస్తూ ఉంటే దీర్ఘకాలపు దద్దుర్లు అంటారు. అలాంటివారు తరచు వంకాయ మానేస్తారు, చేపలు మానేస్తారు, చివరికి పప్పన్నం మాత్రమే తింటూ నీరసపడతారు. ఈ జబ్బులో చాలామందికి తిండి కారణం కాదు. కొందరిలో శరీరం తన మాస్ట్ కణాల మీదే ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. దద్దురు లేచినప్పుడు ఒక మాత్ర వేయడం కంటే, లేవకముందే రోజూ ఒకే వేళకు వేసుకోవడం మంచిది. హిస్టమిన్ వచ్చేసరికే తాళం మూసి ఉండాలి కదా! తగ్గకపోతే డాక్టరుగారు మోతాదు పెంచుతారు. మీ అంతట మీరు పెంచకండి.

దాని చేతకాని జబ్బులు

*ఉబ్బసం:* ఇక్కడ ముఖ్యమైనది ఇసినోఫిల్‌ల వాపు, ల్యూకోట్రయిన్‌ల బిగింపు. అలర్జీ మాత్ర ఇన్‌హేలర్‌కు బదులు కాదు. పిల్లికూతలతో ఉన్న పిల్లవాడికి ఈ మాత్ర ఇచ్చి రాత్రంతా వేచి ఉండడం ప్రమాదం.

*వయ్యారిభామ దురద:* పొలం గట్లమీద, రోడ్ల పక్కన పెరిగే ఈ కలుపుమొక్క తగిలి ముఖం, మెడ, మోచేతి మడతలు నల్లబడి, మందమై, దురద పెట్టేవారిని మన ప్రాంతంలో చూస్తూనే ఉంటాం. ఇది టి కణాలు నెమ్మదిగా చేసే వాపు. హిస్టమిన్ పాత్ర కొద్దిగానే. మాత్రతో రాత్రి నిద్ర పట్టవచ్చు గాని మచ్చ మానదు. మొక్కకు దూరంగా ఉండాలి, పైపూత మందు వాడాలి.

*ఇస్నోఫీలియా:* రక్తపరీక్షలో ఈ మాట చూసి నెలల తరబడి అలర్జీ మాత్రలు మింగేవారు ఉన్నారు. ఇసినోఫిల్ కణాలు పెరగడం ఒక గుర్తు మాత్రమే. కడుపులో పురుగులు, ఉబ్బసం, బోదకాలు పురుగు వంటి కారణాలు వెనుక ఉండవచ్చు. బోదకాలు పురుగు వల్ల రాత్రిపూట దగ్గు, ఆయాసం వచ్చి ఇసినోఫిల్‌లు బాగా పెరిగే జబ్బుకు మందు డైఇథైల్ కార్బమజైన్. హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మందు 1940లలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో, మన భీమవరంలో పుట్టిన డా. యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో వెలువడింది. కారణం పట్టుకుంటే జబ్బు తగ్గుతుంది. ఒట్టి అలర్జీ మాత్రతో కాలం గడిపితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

*మామూలు జలుబు:* వైరస్ వల్ల వచ్చే జలుబును ఈ మాత్ర తొందరగా తగ్గించదు. పాత రకం మాత్ర ముక్కు నీటిని కాస్త ఆరబెడుతుంది, అంతే.

ప్రాణాపాయ సమయంలో

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఈ భాగం గుర్తుంచుకోండి.

తేనెటీగలు, కందిరీగలు కుట్టినప్పుడు, పడని ఆహారం తిన్నప్పుడు, కొన్ని మాత్రలు లేదా ఇంజెక్షన్లు తీసుకున్నప్పుడు కొందరిలో ఒళ్ళంతా ఉన్న మాస్ట్ కణాలు ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. గుర్తులు ఇవి:

1. దద్దుర్లతోపాటు పెదవులు, నాలుక, గొంతు వాయడం; గొంతు బొంగురుపోవడం.
2. ఊపిరి ఆడకపోవడం, పిల్లికూతలు.
3. కళ్ళు తిరగడం, ఒళ్ళు చల్లబడడం, స్పృహ తప్పడం.
4. ఆగని వాంతులు, తట్టుకోలేని కడుపునొప్పి.

ఇటువంటప్పుడు "ఒక సెట్రిజిన్ వేసి పడుకోబెట్టండి, తెల్లారి చూద్దాం" అనకండి. మింగిన మాత్ర పని మొదలుపెట్టడానికే అరగంటనుంచి గంట పడుతుంది. అనాఫిలాక్సిస్ అంతసేపు ఆగదు. దానివల్ల మరణించినవారిపై బ్రిటన్‌లో జరిపిన పరిశీలన ఒకటి 2000లో వెలువడింది. గుండె లేదా శ్వాస ఆగిపోవడానికి పట్టిన సమయం, మధ్యస్థంగా చూస్తే, మందుల వల్ల అయితే 5 నిమిషాలు, పురుగు కాటుకు 15 నిమిషాలు, ఆహారం వల్ల అయితే 30 నిమిషాలు.

ఈ ఆపదకు మొదటి మందు ఆడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటివైపు కండకు ఇస్తారు. అది పడిపోయిన రక్తపోటును నిలబెడుతుంది, బిగిసిన గొట్టాలను తెరుస్తుంది, గొంతు వాపు తగ్గిస్తుంది, మాస్ట్ కణం ఇంకా కుమ్మరించకుండా కూడా ఆపుతుంది. అలర్జీ మాత్రగాని, అవిల్ ఇంజెక్షన్‌గాని ఈ పనులు చేయలేవు. దురద తగ్గడానికి వాటిని తర్వాత ఇస్తారు. దద్దుర్లు తగ్గాయి గదా అని గండం గడిచిందనుకోకండి. చర్మం బాగుపడుతూ ఉండగానే రక్తపోటు పడిపోవచ్చు.

వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన వాహనంలో దగ్గరి ఆసుపత్రికి తీసుకురండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచండి. ఆయాసం ఉంటే కూర్చోనివ్వండి. లేపి నడిపించకండి. తేరుకున్నాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి. తగ్గిన లక్షణాలు కొందరిలో తిరిగి వస్తాయి.

పాత మాత్ర, కొత్త మాత్ర

మెదడులో హిస్టమిన్ చేసే పని వేరు. అది మనల్ని మెలకువగా ఉంచుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, అవిల్ వంటి పాత మందులు మెదడులోకి సులువుగా వెళ్ళి అక్కడి తాళాలను కూడా మూస్తాయి. నిద్ర, మత్తు అందుకే. నిద్ర వచ్చినట్టు అనిపించకపోయినా చురుకుదనం తగ్గుతుంది. ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ మెదడులోకి చాలా తక్కువగా వెళ్తాయి. సెట్రిజిన్ వల్ల కొందరికి మత్తు ఉంటుంది. నిద్ర బాగా వచ్చినంత మాత్రాన మందు బలమైనదని అర్థం కాదు.

జాగ్రత్తలు

1. మత్తు కలిగించే మాత్ర వేసుకుని బండి, ఆటో, ట్రాక్టరు నడపకండి. నూర్పిడి యంత్రం దగ్గర నిలబడకండి. మద్యంతో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది.
2. జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్‌లలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ కలిసే ఉంటుంది. వాటిమీద మళ్ళీ అలర్జీ మాత్ర వేస్తే రెండు మోతాదులవుతాయి.
3. పసిపిల్లలకు జలుబు చుక్కలు మీ అంతట మీరు వేయకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును 4 సంవత్సరాలలోపు పిల్లలకు వాడరాదని సీసాపై ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. పిల్ల నిద్రపోవడానికి ఈ మందు ఎన్నడూ పోయకండి.
4. పెద్దవయసువారికి పాత రకం మాత్రల వల్ల తికమక, మూత్రం బిగపట్టడం, తూలి పడడం జరుగుతాయి. నీటికాసులు, ప్రోస్టేటు వాపు ఉన్నవారు డాక్టరుతో ముందే చెప్పాలి.
5. మూత్రపిండాల జబ్బు ఉంటే సెట్రిజిన్ మోతాదు తగ్గించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడిగి వాడాలి.
6. అలర్జీ చర్మపరీక్షకు వచ్చేముందు సుమారు వారం రోజులు ఈ మాత్ర ఆపమంటారు. లేకపోతే పరీక్షలో దద్దురు లేవదు, ఫలితం తప్పుగా వస్తుంది.

మీరు అడిగే ప్రశ్నలు

*రోజూ వేసుకుంటే అలవాటైపోతుందా?*
కొత్త రకం మాత్రలకు మత్తుమందులవంటి వ్యసనం ఉండదు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే కొందరికి కొన్నాళ్ళు దురద రావచ్చు. మానే పద్ధతి డాక్టరుగారిని అడగండి.

*ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిపోతుందా?*
మామూలు మోతాదులో ఆ భయం అక్కరలేదు. ఇది స్టిరాయిడ్ కాదు. రక్షక కణాలను పడగొట్టదు, హిస్టమిన్ కబురు ఒక్కటే ఆపుతుంది.

*మా అబ్బాయికి ఒకసారి ఇంజెక్షన్ పడక స్పృహ తప్పింది. ఏం చేయాలి?*
ఆ మందు పేరు ఒక చీటీమీద రాసి పర్సులో పెట్టండి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా, దంతవైద్యుని దగ్గరైనా, మొదట ఆ చీటీ చూపించండి. ఆ ఒక్క చీటీ వంద అలర్జీ మాత్రలకన్నా మేలు.

చివరిగా, ఇంట్లో మందులపెట్టె దగ్గర ఒక కాగితం అంటించండి. దానిమీద ఇలా రాయండి: "దురదకు, తుమ్ములకు మాత్ర. ఊపిరి ఆడకపోతే, గొంతు వాస్తే, కళ్ళు తిరిగితే ఆసుపత్రి." ఇంట్లో చదవడం వచ్చిన పిల్లలతో ఒకసారి బిగ్గరగా చదివించండి. ఆపద వచ్చిన రోజున పెద్దవాళ్ళు కంగారుపడినా, ఆ మాట గుర్తుచేసేవాళ్ళు ఇంట్లో ఒకరు ఉంటారు.